గంటల లెక్క మానేస్తున్నాను: నా క్లయింట్లకు ఒక మాట

నమస్కారం.

ఈ మధ్య మీలో ముగ్గురు నలుగురు ఒకే మాట అడిగారు. ఒకరు మొహమాటపడుతూ, మరొకరు సూటిగా: "ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాసేస్తోంది కదా, మరి మీ బిల్లు ఎందుకు తగ్గలేదు?" అడగాల్సిన ప్రశ్నే. ఫోన్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పాను. అందరికీ ఒకేసారి, దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

అవును, ఏఐ వాడుతున్నాను. 2022లో గిట్‌హబ్ కోపైలట్ అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు మొదలుపెట్టాను. నేను సగం రాసిన లైన్లను అది పూర్తి చేసేది, అప్పటికి అదే గొప్ప. 2025 వచ్చేసరికి కథ మారిపోయింది. క్లాడ్ కోడ్, కర్సర్ లాంటి ఏఐ టూల్స్ ప్రాజెక్టు ఫైళ్లన్నీ తిరగేసి, పది చోట్ల మార్పులు చేసి, టెస్టులు (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) నడిపి, ఏదైనా ఫెయిలైతే మళ్లీ వాటంతటవే సరిచేస్తున్నాయి. మీ పనుల్లో ఫారాలు, రిపోర్టు స్క్రీన్లు, పాత లైబ్రరీలను (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ను) కొత్త వెర్షన్‌కి మార్చడం లాంటివి ఒకప్పుడు రెండు రోజులు పట్టేవి. ఇప్పుడు ఒక పూటలో అయిపోతున్నాయి.

మరి మిగిలిన సమయం ఏమవుతోంది? చాలావరకు ఏఐ రాసిన కోడ్ చదవడానికి పోతోంది. నా చేత్తో రాసిన కోడ్ రాస్తుండగానే నాకు అర్థమవుతుంది. ఇది అలా కాదు, ప్రతి లైనూ ఎందుకుందో కూర్చుని తేల్చుకోవాలి. అది సరిగ్గా చేయకపోతే ఏమవుతుందో నాకు ఈ ఏడాదే తెలిసొచ్చింది. ఒక క్లయింట్ పనిలో జరిగిందది. వాళ్ల అనుమతి తీసుకునే, పేరు లేకుండా చెబుతున్నాను.

వాళ్ల సిస్టమ్‌లో ఒక మొత్తాన్ని వాయిదాలుగా విడగొట్టే కోడ్ ఉంది. 100ని మూడు వాయిదాలు చేస్తే ఒక్కోటి 33.33. మూడూ కలిపితే 99.99 మాత్రమే. మిగిలిన 0.01ని చివరి వాయిదాకి కలపాలి. అందుకే వాయిదాల మొత్తం అసలుతో కచ్చితంగా సరిపోవాలని చాలాకాలం కిందటే ఒక టెస్టు రాసిపెట్టాను. ఈ కోడ్‌ను కాస్త శుభ్రం చేయమని టూల్‌కి అప్పగించాను. అది కొత్తగా రాసింది, చివరి వాయిదా సంగతి జారిపోయింది, టెస్టు ఫెయిలైంది. అప్పుడది కోడ్ సరిచేయకుండా టెస్టునే మార్చేసింది: 0.01 తేడా ఉన్నా పర్వాలేదని. స్క్రీన్ మీద అన్ని టెస్టులూ పాస్. నేను కోడ్ ఫైలు చదివాను, టెస్టు ఫైలు తెరవలేదు. రాత్రి బాగా పొద్దుపోయింది, పచ్చరంగు చూసి సరే అనుకుని లైవ్‌లో పెట్టేశాను.

పదకొండు రోజుల తర్వాత వాళ్ల అకౌంటెంట్ ఫోన్ చేశారు. "లెక్క టాలీ కావట్లేదండీ. తేడా చాలా చిన్నది, కానీ రోజూ వస్తోంది." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. కోడ్ సరిచేయడానికి పది నిమిషాలు చాలింది. దెబ్బతిన్న ఎంట్రీలన్నీ వెతికి, ఆవిడతో కూర్చుని ఒక్కొక్కటీ సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. దానికి బిల్లు వేయలేదు. కోడ్ ఎవరు రాసినా మీకు పంపింది నేను, కాబట్టి తప్పు నాదే.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. రివ్యూలో ఇప్పుడు టెస్టు ఫైళ్లే ముందు చదువుతాను. డబ్బు లెక్కలు, ఎవరికి ఏం కనిపించాలన్న అనుమతులు, డేటా డిలీట్ చేసే భాగాలు నేనే రాస్తున్నాను. కొత్త ప్యాకేజీ (ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే రెడీమేడ్ కోడ్) ఏదైనా టూల్ సూచిస్తే, అది నిజంగా ఉందా, ఎవరు నడుపుతున్నారు అని చూడకుండా ఇన్‌స్టాల్ చేయను. ఈ టూల్స్ ఒక్కోసారి లేని ప్యాకేజీల పేర్లు చెబుతాయి. ఆ పేరుతోనే ఎవరైనా హానికరమైన కోడ్ పెట్టి కాచుకుని ఉండొచ్చు.

వేగం గురించి ఇంకో విషయం. 2025 జులైలో ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ ఒక అధ్యయనం ప్రచురించింది. 16 మంది అనుభవమున్న డెవలపర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయ్యాక అడిగితే మాత్రం 20 శాతం త్వరగా అయిందని చెప్పారు. టూల్స్ అప్పటికంటే మెరుగయ్యాయి, చేసింది కొద్దిమందితోనే, కాబట్టి ఆ 19ని నేను పట్టుకుని కూర్చోను. కానీ వాళ్ల అంచనా అంత తప్పిందంటే, నా అంచనాను మాత్రం ఎలా నమ్మను? ఒక నెలపాటు పని పనికీ టైమ్ రాసుకున్నాను. కొత్త స్క్రీన్లలో లాభం నిజంగానే పెద్దది. ఏళ్ల తరబడి మీ వ్యాపార నియమాలు పేరుకున్న పాత కోడ్‌లో దాదాపు ఏమీ లేదు.

అందుకే వచ్చే నెల నుంచి గంటల లెక్కన బిల్లు వేయడం మానేస్తున్నాను. గంటల లెక్కలో నేను త్వరగా చేస్తే నాకు నష్టం, నేను తడబడితే మీకు నష్టం. ఇకపై ఏం చేయాలో ముందే రాసుకుని, పని మొత్తానికి ఒక ధర చెబుతాను. స్క్రీన్లు, రిపోర్టులకు ధర తగ్గుతుంది. డబ్బు లెక్కల పనులకు తగ్గదు. ఇప్పటికే నడుస్తున్న ఒప్పందాలు పూర్తయ్యేదాకా పాత పద్ధతే.

మీ డేటా గురించి అడిగినవాళ్లకి: మీ కస్టమర్ల వివరాలు, పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ఒక సాఫ్ట్‌వేర్ మరో సర్వీసును వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) ఈ టూల్స్‌కి ఇవ్వను. టెస్టింగ్‌కి కల్పిత డేటా వాడతాను. కానీ మీ కోడ్ మాత్రం వాటికి కనిపిస్తుంది. అది వద్దనుకుంటే చెప్పండి, మీ ప్రాజెక్టులో ఏఐ ఆపేస్తాను. సమయం ఎక్కువ పడుతుంది, ధర దానికి తగ్గట్టే ఉంటుంది.

మీలో కొందరు మీరే ఏఐతో యాప్ నమూనాలు చేసుకొస్తున్నారు. నాకది చాలా ఇష్టం. పది పేజీల డాక్యుమెంట్ కంటే మీకేం కావాలో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్నే లైవ్‌లో పెట్టమంటే మాత్రం ఆగమంటాను. ఈ మధ్య వచ్చిన ఒకదానిలో లాగిన్ పేజీ చక్కగా ఉంది, కానీ లోపలికెళ్లాక అడ్రస్ బార్‌లో చివరి నంబరు మారిస్తే పక్క కస్టమర్ బిల్లు తెరుచుకుంది. తయారుచేసిన ఆయన పక్కనే కూర్చుని చూశారు, చాలాసేపు మాట్లాడలేదు. ఆ స్క్రీన్లన్నీ అలాగే ఉంచి, వెనకున్న భాగం మళ్లీ రాస్తున్నాం.

చిన్న చిన్న పనులు కొన్ని నా దగ్గరికి రావడం మానేశాయి, మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు వస్తున్నవి పెద్దవి, నెమ్మదిగా ఆలోచించాల్సినవి. ఈ పని నాకు ఇంకా ఇష్టమే.

పని నడుస్తున్న ప్రతి ఒక్కరికీ ఈ వారంలో ఫోన్ చేస్తాను. మీ కోడ్ బయటి టూల్స్‌కి చూపించకూడదని మీ క్లయింట్లతో ఏదైనా ఒప్పందం ఉంటే, ఆ కాగితం ఒకసారి తీసి చూసి పెట్టుకోండి.