ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎనిమిదేళ్ల ఒప్పందం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. మీసం సరిగా రాని కుర్రాళ్లకు ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) జట్లు ఏడేసి ఎనిమిదేసి ఏళ్ల ఒప్పందాలు రాసివ్వడం శుద్ధ తెలివితక్కువ పని అనీ, రెండు మూడేళ్ల చిన్న ఒప్పందంతో ఆట చూసిన తరువాతే పెద్ద సంతకం పెట్టాలనీ నువ్వు రాసిన రెండు పేజీలనూ శ్రద్ధగా చదివాను. ఎడిసన్‌లో ఉండి న్యూజెర్సీ డెవిల్స్ జట్టును అభిమానించే నేను దీనికి ఒప్పుకోనని నీకు ముందే తెలిసి ఉంటుంది, అందుకే కాబోలు చివర మా ఆటగాడు జాక్ హ్యూజ్ పేరు పెట్టి మరీ రెచ్చగొట్టావు.

మీ అబ్బాయి కూడా మన ఉత్తరాలు చదువుతున్నాడని రాశావు కాబట్టి, వాడి కోసం లెక్కను మొదటి నుంచి చెబుతాను. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో కొట్టుకుపోయిన తరువాత, ఒక్కొక్క జట్టు జీతాల కింద ఇంతకు మించి ఖర్చు చేయకూడదని శాలరీ క్యాప్ వచ్చింది. మొదటి ఏడాది అది 3.9 కోట్ల డాలర్లు. పద్దెనిమిదేళ్లకు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఎంపికైన కుర్రాడు మూడేళ్లపాటు జీతానికి గరిష్ఠ పరిమితి ఉన్న ఎంట్రీ లెవెల్ కాంట్రాక్టులో ఆడతాడు. ఆ తరువాత కూడా అతని మీద హక్కు జట్టుదే. ఇరవై ఏడేళ్లు నిండేదాకానో, లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తయ్యేదాకానో అతను తన ఇష్టం వచ్చిన ఊరికి వెళ్లలేడు. కనుక ఇరవై, ఇరవై ఒకటేళ్ల వయసులో ఎనిమిదేళ్ల ఒప్పందం చేసుకున్న జట్టు, తన హక్కు తీరిపోయిన తరువాతి మూడు నాలుగేళ్లను, అంటే అతను మంచి ఊపులో ఉండే ఏళ్లను, ముందుగానే కొనిపెట్టుకుంటోందన్నమాట. అసలు బేరం ఈ చివరి ఏళ్ల కోసమే.

ఇప్పుడు జాక్ హ్యూజ్ దగ్గరకు వద్దాం. 2019 డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా వచ్చిన ఆ కుర్రాడు మొదటి సీజన్‌లో 61 ఆటల్లో 21 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) మాత్రమే చేశాడు, అందులో గోల్స్ ఏడు. ఇతనికోసమా ఇంత హడావిడి అని ఇక్కడ చాలామంది పెదవి విరిచారు. 2021 నవంబరులో, భుజం కీలు తొలగి కొన్ని వారాలు ఆటకు దూరమై తిరిగి వచ్చిన రోజునే, డెవిల్స్ యాజమాన్యం అతనికి 8 ఏళ్లకు 6.4 కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి 80 లక్షలు ఇచ్చింది. ఆ కొత్త ఒప్పందం మొదలైన 2022-23 సీజన్‌లోనే అతను 43 గోల్స్, 99 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది క్యాప్ 8.25 కోట్లు కాబట్టి అతని జీతం అందులో పదో వంతుకు కాస్త తక్కువ; క్యాప్ 10.4 కోట్లకు చేరే 2026-27లో అదే జీతం పదమూడో వంతు అవుతుంది. జీతం అక్కడే ఆగి ఉంటుంది, క్యాప్ పెరుగుతూ పోతుంది, మధ్యలో మిగిలిన డబ్బుతో జట్టు ఇంకొక మంచి డిఫెన్స్‌మన్‌ను తెచ్చుకుంటుంది. కొలరాడో జట్టు చేసింది ఇదే. 2016లో నేథన్ మెకినన్‌కు ఏడేళ్లపాటు ఏడాదికి 63 లక్షలు రాసిచ్చారు, ఆ జీతం మీద ఉండగానే 2022లో లీగ్ చాంపియన్‌షిప్ అయిన స్టాన్లీ కప్ గెలిచారు. ఆ తరువాతి ఒప్పందంలో అతని జీతం సరిగ్గా రెట్టింపై 1.26 కోట్లయింది.

నువ్వు చెప్పే 'చూసి ఇవ్వడం' అనే పద్ధతికి ఎంత ఖర్చవుతుందో తెలియాలంటే మాంట్రియాల్‌ను గుర్తుచేసుకో. 2013 జనవరిలో పి.కె. సుబ్బన్ పెద్ద ఒప్పందం అడిగితే, వాళ్లు రెండేళ్లకు 57.5 లక్షలతో బ్రిడ్జ్ డీల్, అంటే పెద్ద ఒప్పందానికి ముందు ఇచ్చే చిన్న ఒప్పందం, చేతిలో పెట్టారు. అతను ఆ సీజన్‌లోనే లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌గా నోరిస్ ట్రోఫీ గెలుచుకుని, 2014లో ఎనిమిదేళ్లకు 7.2 కోట్లు తీసుకున్నాడు. రెండేళ్లలో మిగుల్చుకున్నదానికి అనేక రెట్లు తరువాతి ఎనిమిదేళ్లలో పోయింది. ఆ ఒప్పందం నాష్‌విల్ మీదుగా తిరిగి తిరిగి 2019లో మా డెవిల్స్ నెత్తికే వచ్చింది కాబట్టి, మాంట్రియాల్ పిసినారితనానికి చివరి మూడేళ్లు బిల్లు కట్టింది మేమే! నాకు ఈ విషయంలో కొంచెం కోపం ఎక్కువ ఉంటే దయచేసి అర్థం చేసుకో.

అయితే నువ్వు ఎత్తిచూపిన నష్టాలు అబద్ధం కావు. ఐలాండర్స్ జట్టువాళ్లు 2006లో గోలీ (గోల్‌కీపర్) రిక్ డిపియెట్రోకు పదిహేనేళ్ల ఒప్పందం ఇచ్చి, గాయాలతో అతను ఆడలేకపోయాక 2013లో బైఅవుట్ చేసి (కొంత డబ్బు ఇచ్చి ఒప్పందం రద్దు చేసి), 2029 వరకూ ఏటా 15 లక్షల డాలర్లు కట్టే స్థితి తెచ్చుకున్నారు. ఇప్పుడు అంత పొడవైన ఒప్పందాలకు వీల్లేదు. గోలీలకు చిన్న వయసులో దీర్ఘకాల ఒప్పందం ఇవ్వకూడదని మాత్రం నేనూ ఒప్పుకుంటాను. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2025 మార్చిలో ఆటావా, బఫెలో జట్ల మధ్య జరిగిన ట్రేడ్. 2021-22లో 66 ఆటల్లో 35 గోల్స్ కొట్టిన జోష్ నోరిస్‌కు ఆటావా ఎనిమిదేళ్లపాటు ఏడాదికి 79.5 లక్షలు ఇచ్చింది. మరుసటి సీజన్ మధ్యలో బఫెలో డిలన్ కోజెన్స్‌కు ఏడేళ్లపాటు ఏడాదికి 71 లక్షలు ఇచ్చింది, అతను ఆ ఏడాదిని 68 పాయింట్లతో ముగించాడు. నోరిస్ భుజం గాయంతో తరువాతి సీజన్‌లో 8 ఆటలకే పరిమితమయ్యాడు. కోజెన్స్ పాయింట్లు మరుసటి ఏడాది 47కు పడిపోయాయి. చివరికి రెండు జట్లూ తమ తమ పశ్చాత్తాపాలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నట్టు ఆ ఇద్దరినీ మార్చుకున్నాయి.

ఇక్కడే నీకూ నాకూ తేడా. నువ్వు ఈ ట్రేడ్ చూసి 'తొందరపడ్డారు' అంటావు. నేను 'ఒక్క సీజన్ చూసి వెల కట్టారు' అంటాను. నోరిస్ ఆ ఏడాది కొట్టిన షాట్లలో దాదాపు ఐదింటికి ఒకటి గోలైంది. లీగ్‌లో మామూలు ఆటగాడికి పదింటికి ఒకటయితే గొప్ప. అటువంటి ఏడాది మళ్లీ మళ్లీ రాదు. మన నూజివీడు వైపు మామిడి తోటలు గుత్తకు తీసుకునే వ్యాపారులు ఒక ఏడాది విరగకాసిన కాపును చూసి నాలుగేళ్లకు రేటు ఖాయం చేయరు, మరుసటి ఏడు చెట్టు విశ్రాంతి తీసుకుంటుందని వాళ్లకు తెలుసు కాబట్టి చెట్టు వయసూ, నేలా, కొమ్మల బలమూ చూస్తారు. హ్యూజ్‌కు సంతకం పెట్టించిన నాడు డెవిల్స్ చేతిలో కాపు లేదు, చెట్టు మాత్రమే ఉంది: మంచు మీద అతని వేగం, పక్‌ను (ఆట బిళ్లను) తనంతట తాను ముందుకు తీసుకెళ్లి తోటివాళ్లకు అవకాశాలు సృష్టించే తీరు. ఇవి ఏడాదికేడాది నిలిచే గుణాలు. అందుకే వెల కూడా అందుబాటులో ఉంది. ఆటావాయే ఈ పద్ధతిలో టిమ్ స్టూట్‌సలకు 83.5 లక్షలు, జేక్ శాండర్సన్‌కు 80.5 లక్షలు చొప్పున ఎనిమిదేసి ఏళ్లు ఇచ్చింది, ఆ రెండూ చక్కగా పండాయి. మూడింటిలో ఒకటి పోయినా ఆ ఊరికి లెక్క లాభంలోనే ఉంది.

ఇంకొక మాట. ఎడ్మంటన్ 2012లో టేలర్ హాల్‌కు ఏడేళ్లకు 4.2 కోట్లు ఇచ్చిందనీ, అయినా జట్టు బాగుపడలేదనీ రాశావు. ఒప్పందం తప్పు కాదు మిత్రమా, ఓపిక లేకపోవడం తప్పు. ఏడాదికి 60 లక్షలకు ఆడుతున్న హాల్‌ను 2016లో వాళ్లు డిఫెన్స్‌మన్ ఆడం లార్సన్ కోసం మాకు ఇచ్చేశారు. అదే జీతం మీద అతను 2017-18లో మా జెర్సీతో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ గెలిచాడు. తొందరగా సంతకం పెట్టించి, ఫలితం కోసం కూడా తొందరపడితే లాభం పక్కవాడికి పోతుంది.

ఆటగాడి వైపు నుంచి చూస్తే న్యాయం ఎటు ఉందో నేను తేల్చలేను. హ్యూజ్ ఇప్పుడు స్వేచ్ఛగా బజారులో నిలబడితే 80 లక్షలకు చాలా ఎక్కువే వచ్చేది. కానీ అతని భుజానికి తరువాత శస్త్రచికిత్సలు జరిగాయి, అప్పుడు అతనికి అండగా ఉన్నది ఈ ఒప్పందమే. నోరిస్ కుటుంబం ఆటావా యాజమాన్యాన్ని తిట్టుకుంటుందని నేను అనుకోను.

ఇక మీ టొరంటో జట్టు సంగతి. 2019లో ఆస్టన్ మ్యాథ్యూస్‌కు ఐదేళ్లు, మిచ్ మార్నర్‌కు ఆరేళ్లు ఇచ్చారు. తక్కువ ఏళ్లు కావాలన్నది ఆ కుర్రాళ్ల కోరిక కూడా, వాళ్ల ఏజెంట్లు లెక్క తెలిసినవాళ్లు. పైగా కోవిడ్ వల్ల క్యాప్ మూడు సీజన్లు 8.15 కోట్ల దగ్గరే ఆగిపోవడం మీ దురదృష్టం. అయినా ఎనిమిదేళ్లు రాయించుకుని ఉంటే మార్నర్ 2027 దాకా మీ దగ్గరే ఉండేవాడు, 2025 వేసవిలో వేగస్‌కు వెళ్లేవాడు కాదు. అదే వేసవిలో మాథ్యూ నైస్‌కు మీవాళ్లు ఏడాదికి 77.5 లక్షల చొప్పున మళ్లీ ఆరేళ్లే ఇచ్చారు. 2026 సెప్టెంబరు నుంచి కొత్త నిబంధనల ప్రకారం సొంత ఆటగాడికి కూడా ఏడేళ్లకు మించి ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి, ఎనిమిదేళ్లు అడిగే అవకాశం చేతిలో ఉండగానే దాన్ని వదులుకున్నారు. 2031లో అతనికి ఇరవై ఎనిమిదేళ్లు, ఎక్కడికైనా వెళ్లగల స్వేచ్ఛ ఉంటుంది. ఆ ఆరేళ్లు ఎందుకు చాలనుకున్నారో నీ తరువాతి ఉత్తరంలో నాకు వివరించాలి, 'చూసి ఇద్దామని' అనే సమాధానం మాత్రం చెల్లదు.

చెల్లెమ్మకు నా నమస్కారాలు, అబ్బాయికి ఆశీస్సులు.

నీ
ఎడిసన్ మిత్రుడు