వార్షిక నివేదిక 2024–25: మన బస్తీ అంగన్‌వాడీలో ఆటల చదువు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది రక్తదాన శిబిరం, బోనాల ఏర్పాట్లు, నాలా పూడిక కోసం అర్జీలు ఎప్పటిలాగే సాగాయి. వాటి ఖర్చులు జతచేసిన జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ భాగం మన బస్తీ అంగన్‌వాడీ కేంద్రానికే కేటాయించాం.

నిరుడు చందాలు వేసుకుని కొన్న ఆటవస్తువులు నెలల తరబడి బీరువాలోనే ఉండిపోయాయి. విరిగితే లెక్క ఎవరు చెప్పాలన్న భయంతో తాళంచెవిని మన బస్తీ సంఘమే దగ్గర పెట్టుకుంది. ఆ పొరపాటు పూర్తిగా మనదే. వర్షాకాలంలో జరిగిన సమావేశంలో తాళంచెవిని టీచరుకూ ఆయాకూ అప్పగించి, విరిగినవాటికి జవాబు అడగబోమని తీర్మానం రాసుకున్నాం. పసిపిల్లల చదువులో నాయకత్వం రోజంతా వాళ్లతో గడిపేవారి చేతిలో ఉండాలనీ, వారి నిర్ణయానికి సంఘం అండగా నిలవాలనీ అప్పుడే మనకు తెలిసివచ్చింది.

ఆ తరువాత ఒక ఉదయం ఆయా వామనగుంటల పలకనూ గిన్నెడు చింతగింజలనూ పిల్లల మధ్య పెట్టారు. నాలుగేళ్ల పాప ఒకతె గుంటకు ఐదేసి గింజలు సర్దుకుంటూ పోయింది. చివరి గుంటకు మూడే మిగిలేసరికి చాలాసేపు వాటినే చూసి, పక్క గుంటలోంచి ఒక గింజ తీసి అందులో వేసింది. రెండింటిలోనూ నాలుగేసి అయ్యాయి. పక్కనే ఉన్న బాబు ఉర్దూలో ‘ఏక్, దో, తీన్, చార్’ అని లెక్కపెడితే, పాప తెలుగులో మళ్లీ లెక్కపెట్టి చూసుకుంది. టీచర్ మధ్యలో కల్పించుకోలేదు. అంతా అయ్యాక, ‘ఎట్ల సరిజేసినవమ్మా?’ అని మాత్రం అడిగారు. అలా ఆగి చూడటానికి ఎంత ఓర్పు కావాలో అక్కడ కూర్చున్న మా ముగ్గురు సంఘ సభ్యులకూ అర్థమైంది.

‘ఎల్‌కేజీ పిల్లలు ఏబీసీడీలు రాస్తున్నరు, మావాళ్లు ఇంకా ఆడుతనే ఉన్నరు’ అన్న తల్లిదండ్రుల బెంగ న్యాయమైనదే. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూడాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోందనీ, 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు కేంద్రంగా నిలిపిందనీ వారికి వివరించాం. అయితే వారిని ఒప్పించింది ఈ మాటలకంటే బంకమట్టి, పూసలే. మట్టి పిసికి, పూసలు గుచ్చి బలపడిన వేళ్లకే పెన్సిల్ పట్టు కుదురుతుందని తమ పిల్లల చేతుల్లోనే చూశారు. అయినా కొందరు పిల్లలను మాన్పించి ప్రైవేటు బడిలో వేశారు.

టీచర్ సమయంలో పెద్ద భాగం రిజిస్టర్లకూ ఫోన్‌లో నమోదులకూ పోతోంది. అందుకే పిల్లల బరువు తూచే రోజుల్లో వరుస చూసుకునే పని సభ్యులే వంతులవారీగా చేస్తున్నారు. ఈ పనికి ఇంకొందరు ముందుకు రావాలి.

ఆవరణలో కొత్తగా తవ్విన ఇసుక గుంతకు నీడ లేదు. ఎండలు ముదరకముందే దానిమీద పందిరి వేయాలని టీచర్ కోరారు. వెదురు ఇస్తామని ఇద్దరు సభ్యులు మాటిచ్చారు, కట్టడానికి మనుషులు కావాలి.