ఫార్మాట్‌కు ముందు ఏ ఫైళ్ళు తీసిపెట్టుకోవాలి?

సంపాదకుల వారికి నమస్కారాలు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించినప్పటి నుంచి, ఉన్న కంప్యూటరును విండోస్ 11కు మార్పించుకునేవారూ, పాతదాన్ని వదిలి కొత్తది కొనుక్కునేవారూ సర్వీసు షాపులకు వస్తూనే ఉన్నారు. ఫార్మాట్ చేసేముందు, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేసేముందు, షాపులో "డేటా ఏమైనా కావాలా?" అని అడుగుతారు. "డెస్క్‌టాప్ మీదవీ, డాక్యుమెంట్స్‌లోవీ తీసిపెట్టండి, చాలు" అని మనం చెప్పేస్తాం. చాలాకాలంగా డీటీపీ (కంప్యూటరులో పుస్తకాలు, పత్రికలు కంపోజ్ చేసే) వృత్తిలో ఉన్నవాడిగా, ముఖ్యంగా తెలుగులో పనిచేసేవారికి ఈ జవాబు ఎందుకు చాలదో మీ పత్రిక ద్వారా తెలియజేయదలిచాను.

ఒక ఫైలును దాచాలా వద్దా అని తేల్చుకోవడానికి, అది పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని ప్రశ్నించుకోవడం కంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలు డిస్కులో సగం ఆక్రమించి ఉండవచ్చు గానీ అవి పోయినా నష్టం లేదు. ఆధార్, పాన్ ప్రతులను డిజిలాకర్ నుంచి మళ్ళీ తీసుకోవచ్చు. విండోస్ ఫోల్డరును, ప్రోగ్రామ్ ఫైల్స్‌ను కాపీ చేసి పెట్టుకున్నంత మాత్రాన కొత్త యంత్రంలో ప్రోగ్రాములు నడవవు కాబట్టి వాటిని వదిలేయమనే ఎవరైనా చెబుతారు. ఆ మాట సాధారణంగా నిజమే కానీ, తెలుగు డీటీపీ దగ్గరకు వచ్చేసరికి అక్కడే దెబ్బతింటాం.

పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, సావనీర్లు, కవితా సంపుటాలు ఏళ్ళ తరబడి అను అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి, నేటికీ తయారవుతున్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే ప్రామాణిక సంకేతాలవి, కావు. తెర మీద మనకు తెలుగుగా కనిపించే వాక్యం ఫైలు లోపల ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా నమోదై ఉంటుంది. ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తుల వరుసలే కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఉండేదేమో ఎవరూ కాపీ చేయని విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ విభాగంలో! అందువల్ల కంపోజ్ చేసిన ఫైలుతోపాటు, దాన్ని ఏ వెర్షన్ ఫాంట్లతో చేశామో ఆ ఫాంట్లనే విడిగా ఒక ఫోల్డరులో ఉంచుకోవాలి. పేజ్‌మేకర్‌లో 7.0 తరువాత అడోబీ మరో వెర్షన్ తేలేదు కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా దొరుకుతుందిలే అన్న ధీమా దాని విషయంలో పనికిరాదు. మన దగ్గరున్న ఇన్‌స్టలేషన్ సీడీలోని ఫైళ్ళను కూడా డిస్కులోకి ఎక్కించి ఉంచుకోవాలి, ఎందుకంటే కొత్త కంప్యూటర్లలో సీడీ డ్రైవే ఉండటం లేదు.

బొమ్మల సంగతి మరొకటి. పేజీలో పెద్ద బొమ్మ పెట్టినప్పుడు దాని ప్రతిని ఫైలులోనే చేర్చమంటారా అని పేజ్‌మేకర్ అడుగుతుంది. ఫైలు బరువెక్కి యంత్రం నెమ్మదిస్తుందని మాబోటివాళ్ళం చూడకుండానే "నో" నొక్కేస్తాం. అప్పటి నుంచి ఆ బొమ్మకు ఫైలులో ఉండేది లింకు మాత్రమే. అసలు బొమ్మ డౌన్‌లోడ్స్‌లోనో, కస్టమరు తెచ్చిన పెన్‌డ్రైవులోనో ఉండిపోతుంది. పని పూర్తయ్యాక ఫైలు, ఫాంట్లు, బొమ్మలు మూడింటినీ ఒకే ఫోల్డరులోకి చేరిస్తే తప్ప ఆ పుస్తకం రెండో ముద్రణకు అక్కరకు రాదు.

చిన్న వ్యాపారులకు ఇటువంటి ఇబ్బంది ఖాతా లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. ట్యాలీప్రైమ్ లెక్కలు మామూలుగా సి డ్రైవులో యూజర్స్ కింద పబ్లిక్ అనే ఫోల్డరులో, అంకెలే పేర్లుగా గల ఫోల్డర్లలో ఉంటాయి. యజమాని పేరుతో ఉన్న డాక్యుమెంట్స్‌ను ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా అవి అందులోకి రావు. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు భద్రపరచవలసి ఉంది కనుక, ఈ ఏడాది లెక్కలు మాత్రమే దాచుకుంటే సరిపోదు.

ఇంటి ఫోటోలలో వాట్సాప్‌లో వచ్చినవాటి కంటే కెమెరా నుంచి నేరుగా ఎక్కించినవాటికే ముందు చోటివ్వాలి, ఎందుకంటే వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో సైజు తగ్గిపోయి వస్తుంది.

ఎంచుకున్న ఫైళ్ళను ఎక్కడ ఉంచుతామన్నదీ ముఖ్యమే. "డి డ్రైవులో వేశాం సార్" అనే మాట షాపుల్లో తరచు వింటాం. చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్కులోని భాగాలు, డిస్కు పాడైతే రెండూ పోతాయి. ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచే మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. పైగా కంప్యూటరులో చెరిపేసినది అక్కడా చెరిగి, కొన్నాళ్ళు రీసైకిల్ బిన్‌లో ఉండి పోతుంది. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరసు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటిని కూడా తాకింది. అటువంటి వైరసులు కంప్యూటరుకు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కునూ వదలవు కాబట్టి, కాపీ అయిన వెంటనే డిస్కును విప్పి బీరువాలో పెట్టాలి. దానికి ముందు వేరే కంప్యూటరులో రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూసుకోవాలి.

సర్వీసు షాపులవారికి నాదొక విన్నపం. ఫార్మాట్ చేసేముందు "డేటా కావాలా?" అని ఊరుకోకుండా, ట్యాలీ ఉందా, అను ఫాంట్లు ఉన్నాయా, మెయిళ్ళు అవుట్‌లుక్‌లో ఉన్నాయా అని విడివిడిగా అడిగి, తీసిన ఫోల్డర్ల పేర్లను బిల్లు వెనుక రాసి కస్టమరుతో సంతకం చేయించుకుంటే ఇరువురికీ మేలు. మీ పత్రిక సాంకేతిక శీర్షికలో కూడా తెలుగు ఫాంట్లను, పాత పేజ్‌మేకర్ ఫైళ్ళను భద్రపరిచే విధానంపై ఒక వివరమైన వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక డీటీపీ కేంద్రం నిర్వాహకుడు,
విజయవాడ.