చేవెళ్ల దారిలో నా జీపు కింద పడుకున్న పెద్దాయనకు

ఈ నాలుగు మాటలు ఎవరి కోసం రాస్తున్నానో ఆయన చదవరు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. పేరు, ఊరు రాయవద్దని మాట కూడా తీసుకున్నారు. అయినా ఊరుకోలేకపోతున్నాను. నిన్న బాగా పొద్దుపోయాక నా జీపు మరమ్మతు పని పూర్తయింది. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు, కళ్లు మండుతున్నాయి. రాతలో తడబాటు ఉంటే సర్దుకుని చదవండి.

నాది పాత జీపు. ముందు చక్రాలు రెండింటికీ కలిపి ఒకటే ఇరుసు, దాని కింద కమాను పట్టీలు. బండి ఎత్తుగా కనబడాలని పాత యజమాని పొడవాటి షాకిల్స్ (కమాను కొసను ఛాసిస్‌కు కలిపే ఇనుప పట్టీలు), పెద్ద టైర్లు వేయించాడు. బండి గంటకు 60 కిలోమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడు ఒక చక్రం గుంతలోనో, కల్వర్టు అతుకు మీదో పడితే చాలు, స్టీరింగ్ పిచ్చిగా కొట్టుకునేది. అద్దాలు, తలుపులు, నా పళ్లు అన్నీ ఒకేసారి మోగేవి. వేగం బాగా తగ్గేదాకా ఆగదు. ఆగిన తర్వాత ఏమీ ఎరగనట్టు తిన్నగా నడుస్తుంది. గ్యారేజీకి తీసుకుపోతే అక్కడ మాత్రం ఊగదు.

గ్యారేజీల వాళ్లు చెప్పినవి విన్నాను. ఒకచోట టైర్లు బ్యాలెన్స్ చేశారు. ఒకచోట అలైన్‌మెంట్ చేసి, అంకెలన్నీ ఆకుపచ్చగా ఉన్న కాగితం చేతికిచ్చారు. ఇంకొకచోట స్టీరింగ్ డాంపర్, అంటే స్టీరింగ్ ఊపును అణిచే గొట్టం, కొత్తది వేశారు. కొద్ది రోజులు బాగానే ఉంది. డాంపర్ జ్వరానికి వేసే మాత్ర లాంటిదని, రోగం లోపల అలాగే ఉంటుందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. తిరిగి వెళ్తే కౌంటర్ దగ్గరి కుర్రాడు నన్నొకసారి, జీపునొకసారి చూసి, "ఇలాంటి బండిని గట్టిగా పట్టుకోవాలి మేడమ్, మీకు చేతుల్లో బలం చాలదు" అన్నాడు. చాలామంది అదే మాట రకరకాలుగా అన్నారు. వినగా వినగా నేనూ నమ్మడం మొదలుపెట్టాను.

ఆ రోజు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లాలని హైదరాబాద్ నుంచి బయలుదేరాను. మొయినాబాద్ దాటాక, ఆ మర్రిచెట్ల వరుసలో, బండి మళ్లీ అందుకుంది. ఆ దారి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు, మాను పక్కనే తారు ఉంటుంది. ఎదురుగా లారీ. ఎలాగో వేగం తగ్గించి పక్కకు తీశాను. దిగితే కాళ్లు నిలబడలేదు.

అక్కడ బస్సు కోసం నిలబడి ఉన్నారాయన. పెళ్లి భోజనం చేసి వస్తున్నట్టున్నారు, తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో తాంబూలం సంచి. దగ్గరికి వచ్చి "దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?" అని అడిగారు. లేదన్నాను. తర్వాత అడిగిన ప్రశ్న ఇది: "రెండు చక్రాలూ పడ్డప్పుడు ఊగుతుందా, ఒక్కటి పడ్డప్పుడా?" ఇన్ని గ్యారేజీల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. "బస్సుకూ ఇదే ఇరుసు, ఇదే కింగ్‌పిన్" అని (ముందు చక్రం పక్కకు తిరిగేది ఆ పిన్ను మీదే), ఆ తెల్ల బట్టలతోనే జీపు కింద దూరి మట్టిలో వెల్లకిలా పడుకున్నారు.

ఇంజను ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఎడమకూ కుడికీ తిప్పమన్నారు. తాను కీలు తర్వాత కీలు అరచేత్తో పట్టుకుని చూస్తున్నారు. కాసేపటికి కిందికి రమ్మన్నారు. పక్కనే ఉన్న ఒక పిల్లవాడిని స్టీరింగ్ తిప్పమని, నా చెయ్యి పట్టి టై రాడ్, అంటే ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ, చివర మీద పెట్టారు. కడ్డీ కదిలాక, ఒక క్షణం ఆగి, టిక్కుమని ఆ తర్వాత చక్రం కదులుతోంది. ఆ టిక్కు నా వేలికి తగిలింది. "ఇదిగో, ఇక్కడుంది జబ్బు. నీ చేతుల్లో లేదమ్మా" అన్నారు.

నేను అక్కడే, జీపు కింద, ఏడ్చేశాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన బస్సు వెళ్లిపోయింది, దాన్నీ పట్టించుకోలేదు.

ఆదివారం మా ఇంటికే వచ్చారు, పాత రేకు పెట్టెతో. చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపించారు. ఊగింది. నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమన్నారు. ఆట (వదులు వల్ల వచ్చే ఊపు) పోతే వీల్ బేరింగుది, పోకపోతే కింగ్‌పిన్‌ది. పోలేదు. విప్పి చూస్తే కింది బేరింగు గిన్నెలో రోలర్లు కూర్చున్న చోటల్లా గాట్లు. ఇక ఆ పొడవాటి షాకిల్స్. నా జీపులో అవి కమాను ముందు కొసన ఉంటాయి. వాటిని పొడిగిస్తే ఇరుసు ముందుకు వాలి, కింగ్‌పిన్ వెనక్కి వాలాల్సిన కోణం, అంటే కాస్టర్, తగ్గిపోతుంది. 3 డిగ్రీల దాకా ఉండాల్సినది నా బండికి 1 కూడా లేదు. కాస్టర్ ఉంటేనే చక్రం తనంతట తాను తిన్నబడుతుంది. అది లేక, కీళ్లలో ఆట కూడా ఉంటే, కుదుపు తిన్న చక్రం తిన్నబడబోయి అవతలికి దాటిపోతుంది, టై రాడ్ రెండో చక్రాన్నీ లాగుతుంది, ఒక వేగం దగ్గర ఆ ఊపు తనను తానే పెంచుకుంటుంది. అలాంటప్పుడు బొటనవేళ్లు స్టీరింగ్ ఊచల్లో ఇరుక్కోకుండా బయట ఉంచి, యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా వేగం తగ్గించాలన్నారు.

కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ చివరలు, స్టీరింగ్ నుంచి చక్రాలకు కదలిక అందించే డ్రాగ్ లింకు చివరలు మార్చాం. షాకిల్స్ మామూలువి వేశాం. మిగిలిన తేడాకు ఇరుసుకూ కమానుకూ మధ్య వాలు ముక్కలు పెట్టాం. కింగ్‌పిన్ ఎంత బిగువుగా ఉండాలో చూడటానికి ఆయన రేకు పెట్టెలోంచి స్ప్రింగు త్రాసు తీశారు! టై రాడ్ విప్పి, త్రాసు కొక్కెంతో నకిల్ (చక్రాన్ని మోసే, కింగ్‌పిన్ మీద తిరిగే భాగం) లాగి, ముల్లు చూసి, ఒక షిమ్ము (పల్చటి రేకు) తీసి, మళ్లీ లాగి, మళ్లీ చూసి. నేను ఓపిక లేక "చాలు బాబాయ్" అంటే వినలేదు. డబ్బు ఇవ్వబోతే పెట్టె మూత వేసేశారు. మా అమ్మ పెట్టిన పులిహోర మాత్రం రెండోసారి వడ్డించుకున్నారు.

ఈ ఉదయం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో వెళ్లాను. అదే కల్వర్టు అతుకు, 60, 70. స్టీరింగ్ కదలలేదు.

ఒక సంగతి మింగుడుపడటం లేదు. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలంటే తనిఖీ తప్పదు. నా జీపు అది దాటే వచ్చింది. హారన్, లైట్లు, ఛాసిస్ నంబరు చూశారు, ఫీజు కట్టించుకున్నారు. ఒక్కరూ వంగి కింద చూడలేదు. జాకీ ఒకటి, మనిషి ఒకడు, పది నిమిషాలు చాలేవి. మనిషి ప్రాణం మీదికి వచ్చేది ఇరుసు దగ్గర, పరీక్ష మాత్రం హారన్‌కు! సరే, దాని గురించి వేరే రాస్తాను, ఇప్పుడు కోపం ఎక్కువగా ఉంది.

మా ఆయన పిల్లలను చూసుకున్నారు, తమ్ముడు స్పేర్ పార్టులకు డబ్బు సర్దాడు, అమ్మ సంగతి పైన చెప్పాను. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

మరిచాను, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కింగ్‌పిన్ బేరింగుల కోసం తిరుగుతుంటే నకిలీవి అంటగట్టకుండా "నా దగ్గర లేవు, పక్క సందులో అడగండి" అని నిజం చెప్పిన దుకాణదారుకు కృతజ్ఞతలు. వాలు ముక్కలు కొలత ప్రకారం కోసి ఇచ్చిన లేతు మెషీన్ ఆయనకు కూడా. ఆ రోజు ఎదురొచ్చిన లారీ డ్రైవరు వేగం తగ్గించి పక్కకు జరగకపోతే ఇదంతా రాసేదాన్ని కాదు. ఆయన ఎవరో తెలియదు. స్టీరింగ్ తిప్పిన పిల్లవాడికి బిస్కెట్లు ఇచ్చాను, అది చాలదు.

ఇంకా, పై అంతస్తు సారుకు. మీ జాకీ మా దగ్గరే ఉంది. సాయంత్రం తుడిచి తెచ్చి ఇస్తాను.