జూనో అమ్మే ముందు

అమ్మలూ,

నీ పాత రోలాండ్ జూనో-106 సింథసైజర్ కీబోర్డు అమ్మేస్తానని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఒక నోటు సరిగ్గా పలకట్లేదు, గదిలో చోటు లేదు, ఆ సౌండ్ ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే వస్తోంది, ఇంకెందుకు నాన్నా అన్నావు. నువ్వు చెప్పిన మూడూ నిజాలే. కానీ ఇన్నేళ్ళుగా పాత కీబోర్డులు బాగుచేస్తూ, వాటిని అమ్ముకుని బాధపడేవాళ్ళ మాటలు వింటూ ఉన్నాను కదా, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయాలనిపించలేదు. అమ్మొద్దని చెప్పడానికి రాయట్లేదు. ఈ స్థితిలో ఉండగా అమ్మొద్దని మాత్రం గట్టిగా చెప్తున్నాను.

ముందు ఆ పలకని నోటు సంగతి. అది కీ లోపం కాదు. జూనో-106లో ఆరు వాయిస్‌లుంటాయి, ఒక్కో నోటుని ఒక్కో వాయిస్ పలికిస్తుంది. పాలీ 1 అనే సెట్టింగ్ మీద పెట్టి ఒకే కీని నెమ్మదిగా నొక్కుతూ వెళ్ళు. ఐదుసార్లు చక్కగా పలికి ఆరోసారి బర్రుమంటుంది, లేకపోతే అసలు పలకదు, మళ్ళీ ఐదుసార్లు బాగానే ఉంటుంది. అంటే ఆరింటిలో ఒక వాయిస్ చిప్ పోయిందన్నమాట. దాన్ని 80017ఏ అంటారు, 106 పేరు చెబితే రిపేరు చేసేవాళ్ళందరికీ మొదట గుర్తొచ్చేది అదే. 1984లో ఈ మోడల్ వచ్చినప్పుడు ఆ చిప్‌ల మీద ఎపాక్సీ అనే గట్టి జిగురు పూత పోశారు, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూతే కరెంటుని అటూ ఇటూ లీక్ చేస్తూ చిప్‌ని పాడుచేస్తోంది. చిప్ ఊడదీసి ఎసిటోన్‌లో నానబెట్టి, మెత్తబడ్డ పూతని జాగ్రత్తగా ఒలిచేస్తే చాలావాటికి ప్రాణం లేచొస్తుంది. రాకపోయినా, దాని బదులు పెట్టడానికి కొత్తగా తయారుచేసినవి దొరుకుతున్నాయి. ఇంత చిన్న రోగానికి ఎంతమంది ఆ కీబోర్డుని అయినకాడికి వదిలించుకున్నారో, కొందరైతే చెత్తలోనే పడేశారో తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నేను గమనించింది ఒకటుంది. వాయిద్యం మంచి స్థితిలో ఉన్నప్పుడు ఎవరూ అమ్మరు. పాడైనప్పుడో, కొత్తది కళ్ళముందు మెరుస్తున్నప్పుడో, ఇల్లు మారుతూ సామాను ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడో అమ్ముతారు. అప్పుడు దానిమీద మనకున్న అభిప్రాయమూ అట్టడుగునే ఉంటుంది, లోకం అభిప్రాయమూ అట్టడుగునే ఉంటుంది.

1983లో యమహా డీఎక్స్7 వచ్చినప్పుడు జరిగింది అదే. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతి (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని మార్చి సౌండ్ పుట్టించడం) మీద నడిచేది, ఒకేసారి పదహారు నోట్లు, గంటల్లాంటి స్వచ్ఛమైన సౌండ్, ట్యూనింగ్ చెదరదు. దాని ముందు అంతకుముందు తరం అనలాగ్ సింథ్‌లన్నీ, అంటే సర్క్యూట్లతోనే సౌండ్ పుట్టించే సింథసైజర్లన్నీ, ముసలివైపోయినట్టు అనిపించాయి. మినీమూగ్‌లు, 1978 నాటి ప్రాఫెట్-5లు చేతులు మారిపోయాయి. ఒకప్పుడు అవి కొనడానికి అప్పులు చేసినవాళ్ళే వాటిని ఇచ్చేసి డీఎక్స్7 తెచ్చుకున్నారు. తర్వాత రోలాండ్ డీ-50, 1988లో కోర్గ్ ఎం1 వచ్చాక డీఎక్స్7 కూడా అదే దారి పట్టింది. ఇప్పుడు డీఎక్స్7 అమ్ముకున్నందుకు బాధపడేవాళ్ళూ ఉన్నారు, అందులో సౌండ్ తయారుచేయడం ఎంత కష్టమో తెలిసి కూడా.

యమహా సీఎస్-80 అమ్మినవాళ్ళది ఇంకో బాధ. గ్రీకు సంగీత దర్శకుడు వాంగెలిస్ వాయించిన కీబోర్డు అది. ఒక్కో కీ మీద విడిగా వేలి ఒత్తిడి పెంచితే ఆ ఒక్క నోటు మాత్రమే మారుతుంది, అలాంటి స్పందన ఈ రోజుకీ చాలా కీబోర్డుల్లో లేదు. కానీ బరువు దాదాపు 100 కిలోలు, మోస్తే ట్యూనింగ్ తప్పుతుంది. నడుం పోయి అమ్మేశారు పాపం, వాళ్ళని తప్పుపట్టలేం. దాన్ని మళ్ళీ కొనాలంటే యమహా తిరిగి తయారు చేయనే లేదు.

మినీమూగ్ 2016లో, ప్రాఫెట్-5 2020లో మళ్ళీ వచ్చాయి కదా, వాటితో బాధ తీరిపోవాలి కదా అంటావేమో. కొందరికి తీరింది కూడా. కానీ ఒకాయన గురించి చెప్తాను. వయసులో ఉండగా తన ప్రాఫెట్‌ని అమ్మేసి, చాలా ఏళ్ళకి అదే మోడల్, అదే కాలం నాటిది వెతికి కొనుక్కుని నా దగ్గరికి తెచ్చారు. నేను ట్యూనింగ్ సరిచేసి, కీల కాంటాక్టులు శుభ్రం చేసి ఇచ్చాను. ఆయన కూర్చుని ఎడమచేత్తో కొన్ని నోట్లు కలిపి ఒక కార్డ్ పట్టుకుని, కుడిచేత్తో చూడకుండానే సౌండ్ పదును పెంచి తగ్గించే ఫిల్టర్ నాబ్ అందుకున్నారు. చెయ్యి నేరుగా దానిమీదకే వెళ్ళింది, ఇన్నేళ్ళ తర్వాత కూడా. కాసేపు వాయించి, "బాగుందండీ, చాలా బాగుంది, కానీ నా సౌండ్లు ఇందులో లేవు" అన్నారు. ఆయన రాత్రుళ్ళు కూర్చుని చేసుకున్న ప్యాచ్‌లన్నీ, అంటే దాచుకున్న సౌండ్లన్నీ, పాతదాని మెమరీలోనే ఉండిపోయాయి. కొన్నవాళ్ళు వాటిని ఎప్పుడో చెరిపేసి ఉంటారు. ఆయన బాధ కీబోర్డు గురించి కాదని నాకు అప్పుడే అర్థమైంది.

అందుకే ధర గురించి నువ్వు అసలు ఆలోచించకు. ఉంచితే రేపు రేటు పెరుగుతుందని ఉంచుకోవడం నాకు నచ్చదు, వాయించని వాయిద్యాన్ని గుడ్డ కప్పి దాచుకోవడం ఇంకా నచ్చదు. రోలాండ్ టీబీ-303 సంగతి నీకు తెలుసుగా. ఒంటరిగా ప్రాక్టీసు చేసుకునేవాళ్ళకి బాస్ గిటార్ బదులు పనికొస్తుందని తీసుకొస్తే ఎవరికీ నచ్చలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా పడి ఉండేవి. వాటిని కొన్న చికాగో కుర్రాళ్ళు నాబ్‌లు అడ్డదిడ్డంగా తిప్పి ఒక కొత్త సంగీతాన్నే పుట్టించారు. ముందు అమ్మినవాళ్ళు ఏం పోగొట్టుకున్నట్టు? వాళ్ళ చేతిలో అది ఎప్పటికీ ఆ పని చేసేది కాదు. సరైన చేతుల్లో పడింది, అంతే. అలాంటి అమ్మకానికి బాధపడక్కర్లేదు.

ల్యాప్‌టాప్ విషయంలోనూ నీతో వాదించను. పాట మొత్తం మిక్స్ అయ్యాక జూనో ఏదో, ల్యాప్‌టాప్‌లోని ప్లగిన్ ఏదో నేనే చెప్పలేకపోవచ్చు, సౌండ్‌ని విశాలంగా వినిపించే జూనో కోరస్ ఎఫెక్ట్ కూడా అంత బాగా చేస్తున్నారు. తేడా వాయించేటప్పుడు తెలుస్తుంది. జూనోలో ప్రతి పనికీ ఒక స్లైడర్ ఉంది, అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి, ఒకటి కదిపితే చెవి వెంటనే వింటుంది. నువ్వు నేర్చుకున్నది దానిమీదే, నీ పాటల్లో ఆ ఫిల్టర్ మెల్లగా తెరుచుకునే చోట్లన్నీ మౌస్‌తో గీసినవి కావు. మౌస్‌తో అలాంటివి పుట్టవని నేననను, ఇంతవరకు నీకు పుట్టలేదు, అంతే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఈ రోజే దాని వెనక టేప్ సేవ్ జాక్ నుంచి కంప్యూటర్‌లోకి కేబుల్ పెట్టి, మెమరీ మొత్తం రికార్డు చెయ్. కీచుమనే శబ్దం వస్తుంది, అదే నీ డేటా. 128 ప్యాచ్‌లూ అందులోకి వచ్చేస్తాయి. వెరిఫై కూడా చేసి చూడు, రికార్డింగ్ లెవెల్ ఎక్కువైనా తక్కువైనా ఒప్పుకోదు. ఇది వాయిదా వేయొద్దు, ఎందుకంటే లోపలి బ్యాటరీ మార్చి చాలా కాలమైంది, అది ఏ రోజు అయిపోతే ఆ రోజే అన్నీ పోతాయి. నీకిష్టమైన పది పన్నెండు సౌండ్లని స్లైడర్లన్నీ కనిపించేలా ఫోటో తీస్తే చాలనుకోకు, ప్యాచ్ పిలిచినప్పుడు స్లైడర్లు వాటంతట అవి కదలవు, ఫోటోలో తప్పుడు స్థానాలే పడతాయి. రికార్డింగే దారి.

తర్వాత దాన్ని నాకు పంపు. చిప్ చూస్తాను, కొత్త బ్యాటరీ ఊడదీయడానికి వీలుగా హోల్డర్‌లో పెడతాను. బాగయ్యాక తీసుకెళ్ళి ఒక పాటైనా దానిమీద చెయ్. అప్పటికీ చెయ్యి అటువైపు పోకపోతే అమ్మెయ్, నేను ఒక్క మాట కూడా అనను. కొనేవాళ్ళు వాయించేవాళ్ళైతే చాలు. మాన్యువల్, పాత కవరు ఇక్కడే భద్రంగా ఉన్నాయి, వాటినీ కలిపి ఇచ్చేద్దాం.

పంపేటప్పుడు స్లైడర్ల మీద బరువు పడకుండా పైన మందపాటి అట్ట పెట్టు, మామూలు దుప్పటి చాలదు.

మీ నాన్న