విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనులు మామూలుగానే నడిచాయి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లు మన హాల్లోనే చేయించాం. కార్తీక వనభోజనాలకు వెళ్లొచ్చాం. హాలు శ్లాబు కారడం ఇంకా ఆగలేదు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు చిగుళ్లకే పోతుంది. ‘నోటి సంగతికి ఇంత రాతా?’ అని కార్యవర్గంలోనే ఒకరు అడిగారు. ఎందుకో చెబుతాను.

జూన్‌లో షుగర్ పరీక్షలు చేయించిన రోజున మన పెద్దాయన ఒకరు జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. లోపల ఒక దవడ పన్ను. పొద్దున ఇడ్లీ తింటుంటే ఊడొచ్చిందట. ఎక్కడా పుచ్చు లేదు, విరుగు లేదు. వేరు చుట్టూ మాత్రం నల్లగా గార కట్టి ఉంది. ‘నొప్పే లేదండీ, ఇన్నేళ్లలో పళ్ల డాక్టరు గడప తొక్కలేదు’ అన్నారాయన, కాస్త గర్వంగానే. పన్ను బాగానే ఉంది, అది నిలబడ్డ ఎముకే కరిగిపోయింది. శిబిరం పెట్టాలని ఆ రోజే అనుకున్నాం.

ఆగస్టు 1న పెట్టాం. చిగుళ్ల వైద్యుల సంఘం ఇండియన్ సొసైటీ ఆఫ్ పెరియోడాంటాలజీని స్థాపించిన డాక్టర్ జి.బి. శంక్వాల్కర్ పుట్టినరోజది. వచ్చిన డాక్టరమ్మ ఉపన్యాసం జోలికి పోలేదు. మిల్లీమీటరు గీతలున్న సన్నటి పరికరాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపుతూ అంకెలు చదివారు, పక్కనున్న అమ్మాయి రాసుకుంది. ‘రెండు, మూడు, రెండు...’ మూడు దాకా ఫర్వాలేదు. నాలుగు నుంచీ అక్కడ పాకెట్ పడ్డట్టే, అంటే చిగురు పంటిని వదిలి సందు లోతైనట్టే. వరసలో కూర్చున్నవాళ్లకు కాసేపట్లోనే లెక్క అర్థమైపోయింది. ‘ఆరు’ అని వినబడగానే హాల్లో కబుర్లు ఆగిపోయాయి.

పళ్ల మీద చేరే పాచి నిండా బ్యాక్టీరియానే. దాన్ని తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది, ఇక బ్రష్షుకు లొంగదు. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, తోమితే రక్తం వస్తుంది. ఇక్కడ మనం చేసే పొరపాటు ఒకటుంది. రక్తం కనబడగానే ఆ చోట తోమడం మానేస్తాం. ‘ఎవరెవరు మానేశారు?’ అని డాక్టరమ్మ అడిగితే నాతో సహా చాలా చేతులు లేచాయి. ఆ చోటే మెత్తగా, శ్రద్ధగా తోమాలట. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హారాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూసింది. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి. అంటే ఆ దశలో మన చేతిలోనే ఉంది. వాపు ఎముక దాకా దిగితే మాత్రం కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్లది ఇంకో తంటా. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి జబ్బున్నా రక్తం పెద్దగా కనబడదు. ‘నాకు చుక్క రక్తం రాదు’ అన్న ధీమా అక్కడ పనికిరాదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ముసలమ్మలను చూసినవాళ్లు మనలో ఉన్నారు. నిప్పు లోపలికి పెట్టుకునే ఆ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో వాళ్లే చెప్పగలరు.

షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఎమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలతో కొందరికి చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి. మాత్ర మానేయకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

పెద్ద వాదన క్లీనింగ్ మీద జరిగింది. ‘అది చేయిస్తే పళ్లు కదులుతాయి’ అన్నది మన ఊళ్లో వేదవాక్కు. అప్పటికే ఎముక పోయి కదిలే పళ్లను గార ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. అది తీస్తే అసలు కదలిక బయటపడుతుంది, అంతే. సందులు కనబడటం, కొన్నాళ్లు చన్నీళ్లు జివ్వుమనడం మామూలే.

ఇక మా తప్పులు. చవకగా వచ్చాయని గట్టి కుచ్చు బ్రష్షులు తెచ్చి పంచాం. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. వెనక్కి తీసుకుని మెత్తనివి ఇచ్చాం. వాటిని చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి చిన్నచిన్నగా కదపాలి. పళ్ల సందుల్లోకి అవీ పోవు, అందుకు వేరే బుల్లి బ్రష్షు ఉంది. ‘సీసాలు కడిగే బ్రష్షుకు మనవరాలిలా ఉంది’ అన్నారు మన మాజీ హెడ్‌మాస్టారు.

రెండో తప్పు పెద్దది. ఆడవాళ్ల వరస ఆలస్యంగా మొదలుపెట్టాం. వంటకు వేళైందని కొందరు చూపించుకోకుండానే వెళ్లిపోయారు. ఈసారి వాళ్లతోనే మొదలుపెడతాం. అంకెలు రాసిన కార్డులు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. నాలుగు, ఆపైన వచ్చినవాళ్లలో కొందరు ఇంకా తీసుకెళ్లనేలేదు. సాయంత్రం అయిదు తర్వాత వస్తే ఇస్తాను.

ఇట్లు,
కార్యదర్శి