రోశయ్య గారి పద్దులు, మీ ప్రసంగాలు: ఇద్దరు ఆర్థిక మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్థిక శాఖ మంత్రులకు నమస్కారాలు.

బడ్జెట్ రోజున సభలో ఎవరో ఒకరు కొణిజేటి రోశయ్య గారిని తలుచుకోవడం ఆనవాయితీ అయిపోయింది. వేమూరులో పుట్టి, 1968లో శాసనమండలికి వచ్చి, 1979లో చెన్నారెడ్డి గారి మంత్రివర్గంలో చేరి, ఆ తర్వాత వరుసగా ఎందరో ముఖ్యమంత్రుల దగ్గర పనిచేసిన మనిషి. ఉమ్మడి రాష్ట్ర ఆర్థిక మంత్రిగా 16 సార్లు బడ్జెట్ పెట్టారు, అందులో ఏడు వరసగా. ఈ లెక్క అందరికీ కంఠతా. ఆయన చేతి మీదుగా వచ్చిన 2005 నాటి ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం, అంటే ప్రభుత్వ లోటుకు, అప్పుకు హద్దులు పెట్టే చట్టం మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఆ చట్టం ఊరికే రాలేదు. అలాంటి చట్టం చేసిన రాష్ట్రాలకే అప్పుల ఊరట అని 12వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. 2008-09 కల్లా రెవెన్యూ లోటు (రోజువారీ ఖర్చులకు రాబడి చాలని తేడా) సున్నా, ద్రవ్యలోటు (అప్పుతో పూడ్చే మొత్తం తేడా) రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం అని లక్ష్యం పెట్టుకుంటే, 2006-07లోనే రెవెన్యూ మిగులు కనిపించింది. పన్నులు బాగా వచ్చిన రోజులవి, ఘనతంతా ఒక్కరి ఖాతాలో వేయలేం. కానీ రాబడిని ఉన్నంతే చూడాలన్న పట్టుదల అప్పుడు చట్టంలోకి ఎక్కింది. ఇప్పుడు జారిపోతున్నది అదే.

ఎక్కడ జారుతోందో చూడండి. బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దు ఎదురుగా నాలుగు నిలువు వరుసలుంటాయి: ముగిసిన ఏడాది వాస్తవ లెక్కలు, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, దాని సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. ప్రసంగంలో రెండో వరుసనూ నాలుగో వరుసనూ పోలుస్తారు, మొదటిది అట్టల మధ్యే ఉండిపోతుంది. ఉదాహరణకు ఒక రాబడి పద్దులో ఈ వరుసలు 80, 100, 98, 110 అనుకుందాం. "పది శాతమే పెంచాం" అంటే ఎంతో జాగ్రత్తగా ఉన్నట్టు వినిపిస్తుంది. ఖజానాకు నిజంగా చేరిన 80 మీద చూస్తే రెండేళ్లలో 37 శాతం పైన పెరగాలి. ఎక్కడి నుంచి పెరుగుతుంది?

సవరించిన అంచనాను కూడా నమ్మడానికి లేదు. అది తయారయ్యేనాటికి చేతిలో ఉండేది తొమ్మిది పది నెలల లెక్కే, మిగతాది ఆశ. ఆ ఆశ ఎక్కువగా దాక్కునే చోటు 1601, అంటే కేంద్రం ఇచ్చే గ్రాంట్ల పద్దు. జీఎస్టీని, ఎక్సైజును మరీ పెంచి రాస్తే, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నెలవారీ లెక్కల్లో వెంటనే దొరికిపోతుంది. గ్రాంటు దగ్గర "కేంద్రం ఇవ్వలేదు" అనే వీలుంది.

దీని దెబ్బ తగిలేది కింద. జీతాల 010 పద్దు ఎలాగోలా నడుస్తుంది. ఇతర ఖర్చుల 500, పెద్ద పనుల 530 పద్దులకే బీఆర్‌ఓ (నిధుల విడుదల ఉత్తర్వు) రాదు, వచ్చినా ట్రెజరీలో బిల్లు టోకెన్ (బిల్లు అందినట్టు ఇచ్చే నంబరు) దగ్గరే ఆగుతుంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరు, హాస్టల్‌కు బియ్యం తోలిన వ్యాపారి మార్చి 31 దాకా తిరుగుతారు. ఆ రాత్రితో కేటాయింపు మురిగిపోతుంది, బాకీ మురగదు. అది కొత్త ఏడాది పద్దును ఏప్రిల్‌లోనే తినేస్తుంది. మురిగిపోకుండా కొన్ని శాఖలు డబ్బును పీడీ ఖాతాలోకి, అంటే అధికారి పేరిట ట్రెజరీలో ఉండే డిపాజిట్ ఖాతాలోకి మళ్లిస్తాయి. లెక్కలో ఖర్చయినట్టే, గ్రామంలో మాత్రం కల్వర్టు లేచి ఉండదు. ఈ రోగానికి మందు అనుబంధ పద్దుల్లో, అంటే ఏడాది మధ్యలో సభను అడిగే అదనపు కేటాయింపుల్లో లేదు. సభ ఆమోదం దాటి పెట్టిన ఖర్చులను ఏళ్ల తరబడి క్రమబద్ధం చేయడం లేదని కాగ్ రెండు రాష్ట్రాలకూ చెబుతూనే ఉంది.

మేం అడిగేది కొత్త చట్టం కాదు. వచ్చే ప్రసంగంలో అమ్మకం పన్ను, జీఎస్టీ, ఎక్సైజు, స్టాంపులు, గనులు, కేంద్ర గ్రాంట్లు: ఈ ఆరింటికీ మొదటి వరుస అంకెను కూడా సభలో చదవండి. రెండు నిమిషాల పని. దాంతోపాటు మార్చి 31 నాటికి చెల్లించని బిల్లుల జాబితాను శాఖలవారీగా అనుబంధంగా జతచేయండి. టోకెన్ పడ్డ తేదీ, బీఆర్‌ఓ ఉందో లేదో రెండూ అందులో ఉండాలి. టోకెన్ కూడా పడకుండా శాఖల బీరువాల్లోనే ఉన్న బిల్లులకు వేరే పట్టిక వేయండి. అవి కలపకపోతే జాబితా సగమే.

ఇట్లు,
ఏటా బడ్జెట్ పుస్తకాలు తిరగేసే కొందరం